పదకొండు రోజుల లాగ్‌బుక్

కెనడాలో లారీ నడిపేవాళ్ల దగ్గర అప్పట్లో ఒక పుస్తకం ఉండేది. రోజుకో పేజీ. పేజీలో గళ్లు. అడ్డంగా 24 గంటలు, నిలువునా నాలుగు వరసలు. మొదటి వరస డ్యూటీ దిగి ఉన్న వేళకి, రెండోది లారీలోని పడకలో నిద్రపోయిన వేళకి, మూడోది బండి నడిపిన వేళకి. లోడు ఎక్కించుకోవడం, పట్టా కట్టడం, టైర్లు తట్టి చూసుకోవడం లాంటి పనులన్నిటికీ నాలుగోది. పొద్దున నుంచి రాత్రి దాకా ఒకే గీత ఈ నాలుగు వరసల మధ్య మెట్లు దిగుతూ ఎక్కుతూ పోవాలి. ఆ గీత చూస్తే చాలు, ఆ మనిషి ఎప్పుడు తిన్నాడో, ఎంత నిద్రపోయాడో, ఎన్ని గంటలు స్టీరింగ్ పట్టుకున్నాడో తెలిసిపోతుంది. రోజుకు 13 గంటలకు మించి నడపకూడదు, 14 గంటల డ్యూటీ దాటాక స్టీరింగ్ ముట్టకూడదు. దాన్ని లాగ్‌బుక్ అంటారు.

అలాంటి ఒక లాగ్‌బుక్‌ను, కేవలం 11 రోజుల మేరకు, సస్కాచెవాన్ రాష్ట్ర అధికారులు ఒక్కొక్క పేజీ తిప్పి చదివారు. 70 ఉల్లంఘనలు తేలాయి. అందులో 51 పని గంటల నిబంధనలకు సంబంధించినవి. మిగతా 19 బయల్దేరే ముందు బండిని తనిఖీ చేసి రాసుకోవాల్సిన రాతలకు సంబంధించినవి. వాళ్ల నివేదికలో ఒక మాట ఉంది. చదివినప్పుడల్లా నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టుంటుంది. 2018 ఏప్రిల్ 6న ఆ లారీని దారిలో ఏ అధికారైనా ఆపి ఆ పుస్తకం అడిగి ఉంటే, ఆ డ్రైవర్‌ను 72 గంటల పాటు బండి నడపకుండా కూర్చోబెట్టేవాళ్లు.

ఎవరూ ఆపలేదు.

ఆ రోజు శుక్రవారం. హంబోల్ట్ అనే చిన్న ఊరి నుంచి ఒక బస్సు ఉత్తరంగా నిపావిన్‌కి బయల్దేరింది. ఊరి జనాభా దాదాపు ఆరు వేలు. అలాంటి ఊళ్లో హాకీ జట్టంటే ఊరి పిల్లలందరి మీదా ఉండే ప్రేమను ఒక్కచోట పోగేసినట్టు. హంబోల్ట్ బ్రాంకోస్ కుర్రాళ్లు 16 నుంచి 21 ఏళ్ల మధ్య వాళ్లు. చాలామంది వేరే ఊళ్ల నుంచి వచ్చి, ఇక్కడి కుటుంబాల ఇళ్లలో ఉంటూ, వాళ్ల చేతి అన్నం తింటూ ఆడుకునేవాళ్లు. సెమీఫైనల్ పోటీల్లో నిపావిన్ జట్టు మూడు గెలిచింది, వీళ్లు ఒకటి. అంతకు ముందు మ్యాచ్ మూడు సార్లు అదనపు సమయం దాకా సాగి చేజారింది. ఇక ఆ రాత్రి ఓడితే ఆ ఏడాదికి ఆట ముగిసినట్టే. పోటీల కోసం సరదాగా అందరూ జుట్టుకు బంగారు రంగు వేసుకున్నారు. ఆ రంగు తర్వాత ఎంత ఘోరం చేసిందో చెప్తాను.

మరో రోడ్డు మీద, తూర్పు నుంచి పడమరకు, ఒక లారీ వస్తోంది. ఒకదాని వెనక ఒకటి తగిలించిన రెండు ట్రైలర్లు. వాటి నిండా పీట్ మాస్ బేళ్లు. మన కడియం నర్సరీల్లో కొబ్బరి పొట్టు ఎలా వాడతారో, అక్కడ మొక్కల కుండీల్లో ఆ నాచు మట్టిని అలా వాడతారు. బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ. అలాంటి సరుకు మీద పట్టా బిగించడం ఎంత కష్టమో మన లారీ ఆఫీసుల దగ్గర నిలబడి చూసినవాళ్లకు తెలుసు. తాడు ఒక్కచోట వదులైతే చాలు, గాలి లోపలికి దూరి పట్టాను టపటపా కొడుతుంది. వెనక ట్రైలర్ మీద పట్టా అలా కొట్టుకుంటోంది. డ్రైవర్ కళ్లు అద్దంలో ఉన్నాయి. మనసు ఆ పట్టా మీద ఉంది.

మన దగ్గర లారీలో డ్రైవర్ పక్కన క్లీనర్ ఉంటాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడో, ఇరవై ఏళ్లవాడో. ఎడం పక్క కిటికీలోంచి తల బయటపెట్టి "రైట్, రైట్" అంటాడు, పట్టా ఊడితే "అన్నా, ఆపన్నా" అని అరుస్తాడు. ఆ లారీలో రెండో మనిషి లేడు. అంత పొడవు బండి, అంత పెద్ద మైదానం, కొత్త డ్రైవర్ ఒక్కడే.

335వ నంబరు రోడ్డు 35వ నంబరు హైవేను దాటే చోట లారీ ఆగాలి. ముందు కూడలి ఉందని చెప్పే బోర్డులు నాలుగు అతను దాటాడు. ఆ తర్వాత మామూలు కన్నా పెద్ద స్టాప్ బోర్డు. దాని మీద ఆరిపోతూ వెలుగుతూ ఉండే ఎర్ర దీపం. అవేవీ అతని కంటికి ఆనలేదు. తాగి లేడు, ఫోను చేతిలో లేదు, చూపుకు అడ్డం పడే వాతావరణమూ కాదు. గంటకు 86 నుంచి 96 కిలోమీటర్ల వేగంతో, బ్రేకు మీద కాలు పడకుండానే, ఆ లారీ బస్సు దారికి అడ్డంగా వచ్చేసింది. బస్సు డ్రైవర్ బ్రేకు వేశాడు. అతను ఇంకేమీ చేయగలిగింది లేదని పోలీసులు తేల్చారు.

సాయంత్రం అయిదు కావొస్తోంది. బస్సులో ఉన్నది 29 మంది. అందులో 16 మంది పోయారు. పదిమంది ఆటగాళ్లు. కోచ్ డార్సీ హాగన్, ఆయన సహాయకుడు, పిల్లల కాళ్లకూ చేతులకూ పట్టీలు వేసే థెరపిస్టు, రేడియోలో వ్యాఖ్యానం చెప్పే ఆయన, స్కోరు లెక్కలు రాసే పద్దెనిమిదేళ్ల కుర్రాడు, బస్సు నడిపినాయన. మిగిలిన 13 మందికీ గాయాలే. కొందరు మళ్లీ తమంతట తాము లేచి నిలబడలేదు.

లారీ డ్రైవర్‌కు పెద్ద దెబ్బలేవీ తగల్లేదు.

రంగు సంగతి చెప్తానన్నాను. అందరిదీ ఒకటే బంగారు రంగు జుట్టు, ఒకటే ఈడు, ఒకటే ఒడ్డూ పొడుగూ. ముఖాలు గుర్తుపట్టే స్థితిలో లేవు. ఒక ఇంట్లో కొడుకు పోయాడని ఏడ్చారు. ఆ కొడుకు ఆస్పత్రిలో బతికే ఉన్నాడు. ఇంకో ఇంటివాళ్లు బతికున్న బిడ్డ మంచం పక్కన కూర్చుని వాడు తమవాడేననుకున్నారు. వాళ్లవాడు అప్పటికే పోయాడు. పొరపాటు తెలిసేసరికి మూడు రోజులు గడిచాయి. ఒక ఇంటి సంతోషం ఇంకో ఇంటి శోకం అవడమంటే ఇంతకన్నా అక్షరాలా ఎక్కడైనా జరిగిందేమో నాకు తెలియదు.

ఆ వారం కెనడా అంతటా ఇళ్ల ముందు వరండాల్లో దీపాలు పెట్టి, పక్కన ఒక హాకీ కర్ర నిలబెట్టారు. పోయిన పిల్లలు ఎక్కడున్నా ఆడుకోవడానికి కర్ర కావాలి కదా అని. చందాలు కోటిన్నర డాలర్లు దాటాయి. పోయిన ఆటగాళ్లలో ఒకడైన 21 ఏళ్ల లోగన్ బూలే తన అవయవాలు దానం చేస్తానని ముందే రాసిచ్చి ఉన్నాడు. అతని అవయవాలు ఆరుగురికి అందాయి. ఆ కబురు విని కొద్ది వారాల్లోనే దాదాపు లక్షమంది అవయవదానానికి పేర్లు రాయించుకున్నారు.

ఇక ఆ లారీ ఎవరిది?

కాల్గరీలో ఆదేశ్ దియోల్ ట్రకింగ్ అనే చిన్న కంపెనీది. 2017 శరత్కాలంలో మొదలైంది. మొత్తం రెండు లారీలు. ప్రమాదం నాటికి దాని వయసు నెలల్లోనే. ఉత్తర అమెరికాలో లారీ వ్యాపారం చాలావరకూ ఇలాంటి చిన్న కంపెనీల మీదే నడుస్తుంది. ఒకాయన పదేళ్లు ఎవరి దగ్గరో డ్రైవర్‌గా చేస్తాడు, కొంత కూడబెడతాడు, అప్పు చేసి బండి కొంటాడు, పేరు రిజిస్టర్ చేయిస్తాడు. మన ఆటోనగర్లలోనూ ఇదే కథ. ఆ ఆశను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఎంతమంది కుటుంబాలను ఆ ఒక్క లారీ చదివించిందో.

కానీ లారీ కొనడం వేరు, లారీ కంపెనీ నడపడం వేరు. డ్రైవర్ లాగ్‌బుక్‌లో గీసిన గీత నిజమా కాదా అని వారానికోసారి ఎవరో కూర్చుని చూడాలి. కొత్తగా చేరినవాడు ఎలాంటి బండి నడపగలడో రాసి పెట్టుకోవాలి. బ్రేకులు ఎప్పుడు చూశారో, ఎవరు చూశారో కాగితం ఉండాలి. భద్రత కోసం ఏం చేస్తామన్నది ఒక పత్రంగా రాసి, ఆ ప్రకారం నడుచుకోవాలి. ఇదంతా లోడు ఎత్తినంత కష్టం కాదు. కాకపోతే దీనికి కిరాయి ఎవరూ ఇవ్వరు, అందుకే మొదట పక్కకు పోయేది ఇదే.

కాల్గరీ ఉన్న ఆల్బర్టా రాష్ట్రంలో అప్పటి పద్ధతిలో ఒక లోపం ఉంది. కొత్తగా లారీ కంపెనీ పెట్టినవాళ్లకు 60 రోజుల తాత్కాలిక భద్రతా పత్రం ఇచ్చేవాళ్లు. నిబంధనలు పాటిస్తున్నారో లేదో పూర్తిగా తేలకముందే రోడ్డెక్కవచ్చు. పరిశీలన తర్వాత. ముందు లోడు, తర్వాత లెక్క. చెడ్డపేరు తెచ్చుకున్న కంపెనీ మూసేసి అదే మనుషులు, అవే బండ్లతో వేరే పేరు మీద మళ్లీ తెరుచుకోవడానికీ అది దారి అయ్యింది. అలాంటివాటిని అక్కడ ఊసరవెల్లి కంపెనీలంటారు. ఆదేశ్ దియోల్ అలాంటిది కాదు. దాని మీద ఏప్రిల్ 6కి ముందు ఒక్క కేసూ లేదు. నన్ను బాధపెట్టేది అదే. దాని రికార్డు శుభ్రంగా ఉంది, ఎందుకంటే ఎవరూ లోపలికి తొంగి చూడలేదు.

పొరుగున అమెరికాలో ఈ విషయంలో ఒక ఏర్పాటు ఉంది. 2003 నుంచి కొత్త కంపెనీని 18 నెలల పాటు కనిపెట్టి చూస్తారు. సరుకు లారీల కంపెనీ అయితే మొదటి ఏడాదిలోపు ఆడిటర్ వచ్చి, లేదా కాగితాలు తెప్పించుకుని, డ్రైవర్ల ఫైళ్లు, గంటల లెక్కలు, బండ్ల మరమ్మతు రాతలు, బీమా, మద్యం మత్తుమందుల పరీక్షలు చూస్తాడు. 2009 చివరి నుంచి ఇంకా గట్టిపడింది. 16 అంశాలు నిర్దేశించారు, వాటిలో ఒక్కదాంట్లో తప్పినా ఆడిట్ ఫెయిలే. సరిదిద్దుకోవడానికి గడువిస్తారు. సరిదిద్దుకోకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది. మంచి పద్ధతే. అయినా ఏడాది అనేది లారీకి చాలా పెద్ద కాలం. ఏడాదిలో ఒక లారీ ఎన్ని కూడళ్లు దాటుతుందో లెక్క కట్టడం ఎవరి తరం? మొదటి ట్రిప్పులో ఉండే అనుభవలేమికి పన్నెండో నెల తనిఖీ ఏం సాయం చేస్తుంది?

ఆ లారీ నడిపినవాడి మొదటి ట్రిప్పుల గురించే చెప్పాలి. జస్కీరత్ సింగ్ సిద్ధూ. పంజాబ్‌లో కామర్స్ డిగ్రీ చదివాడు. తనకు కాబోయే భార్య అక్కడ చదువుకుంటుంటే, 2013లో కెనడా వెళ్లాడు. కాల్గరీలో ఒక మద్యం దుకాణంలో పనిచేశాడు. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకు ఈ బతుకు వివరించి చెప్పనక్కర్లేదు. ఇక్కడ డిగ్రీ, అక్కడ బిల్లు కౌంటరు. లారీలో రెండు రాళ్లు ఎక్కువ వస్తాయి. ప్రమాదానికి కొద్ది వారాల ముందే పెళ్లయింది. లారీ నేర్చుకోవడానికి ఒక వారం శిక్షణ. ప్రమాదానికి మూడు వారాల ముందు ఈ కంపెనీలో చేరాడు. రెండు వారాలు యజమాని పక్కన కూర్చుని నేర్పాడు. తర్వాత రెండు ట్రైలర్ల బండి అప్పగించి ఒంటరిగా పంపారు.

ఆ కొద్ది రోజుల్లో అతనికి గంటల లెక్క రాయడం రాలేదు. బయల్దేరే ముందు తనిఖీ రాసుకోవడం రాలేదు. ఊడిన పట్టాను ఏం చేయాలన్నదీ సరిగా రాలేదు. రోడ్డు పక్కన బండి ఆపేసి, ఎంత ఆలస్యమైనా సరే, దిగి బిగించుకుని రావడమే దానికి జవాబని పాత డ్రైవర్ ఎవరైనా చెప్తాడు. పాతవాడికి ఆ ధైర్యం ఉంటుంది. మూడు వారాల ఉద్యోగికి ఎక్కడ నుంచి వస్తుంది?

ఇదంతా అతని తప్పును కడిగేయడానికి కాదు. అతను కూడా కడుక్కోవాలని చూడలేదు. 2019 జనవరిలో 29 నేరారోపణలనూ ఒప్పుకున్నాడు. తాను చేసినదాన్ని బాగు చేయలేనని, విచారణ సాగదీసి ఆ కుటుంబాలను ఇంకా బాధపెట్టదలచుకోలేదని తన లాయరుకు చెప్పాడు. మెల్‌ఫర్ట్ అనే ఊళ్లో కోర్టు గది చాలక, ఒక జిమ్‌నేజియంలో కుర్చీలు వేసి విచారణ జరిపారు. రోజుల తరబడి తల్లులు, తండ్రులు, అన్నదమ్ములు, ఆతిథ్యమిచ్చిన ఇళ్లవాళ్లు లేచి నిలబడి తమ పిల్లల గురించి చెప్పారు. కొందరు క్షమించలేమన్నారు. కోచ్ భార్య క్షమించానంది. అతను తల దించుకుని అన్నీ విన్నాడు. తర్వాత లేచి వాళ్ల వైపు తిరిగి క్షమాపణ చెప్పాడు. మార్చి 22న న్యాయమూర్తి ఐనెజ్ కార్డినల్ ఎనిమిదేళ్ల శిక్ష వేశారు. అంత దూరం పొడుగునా అన్ని గుర్తులు ఒక మనిషికి ఎలా కనబడకుండా పోయాయో అంతుపట్టడం లేదని ఆమె అన్నారు.

ఆ కంపెనీని ప్రమాదం జరిగిన కొద్ది రోజుల్లోనే ఆపేశారు. ఇన్‌స్పెక్టర్లు అప్పుడు వెళ్లారు. ఫైళ్లు అప్పుడు తెరిచారు. యజమాని మీద ఎనిమిది అభియోగాలు మోపారు: డ్రైవర్ల గంటల రికార్డులు ఉంచలేదని, డ్రైవర్ నిబంధనలు పాటిస్తున్నాడో లేదో చూసుకోలేదని, ఒకే రోజుకు ఒకటికి మించి లాగ్‌బుక్‌లు ఉన్నాయని, రాతపూర్వకమైన భద్రతా ప్రణాళిక లేదని. వాటిలో అయిదింటిని ఆయన ఒప్పుకున్నాడు. మొత్తం జరిమానా 5,000 డాలర్లు. అక్కడితో ఆ రెండు లారీల కల ముగిసింది.

5,000 డాలర్లు అని విన్నప్పుడు ఆ కుటుంబాలకు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోగలను. ఆ జరిమానా ప్రాణాలకు కట్టిన వెల కాదు, కాగితాల తప్పులకు చట్టం పెట్టిన ధర. అయితే ఆ అభియోగాల జాబితాను ఇంకోసారి చదవండి. అందులో ఒక్కటి కూడా ప్రమాదం జరిగాక మాత్రమే కనిపెట్టగలిగేది కాదు. ఆఫీసులో ఒక పూట కూర్చుంటే చాలు, అన్నీ బయటపడేవి. ఎవరైనా జనవరిలో వెళ్లి కూర్చుని ఉంటే యజమానికి ఒక నోటీసు వచ్చేది, నాలుగు రోజులు విసుక్కునేవాడు, ఒక అకౌంటెంటును పెట్టుకుని లెక్కలు సరిచేసుకునేవాడు. ఆ కొత్త కుర్రాడు ఇంకో నెల పక్క సీట్లోనే ఉండేవాడేమో. తనిఖీ అంటే చిన్నవాడి పొట్ట కొట్టడమని మన దగ్గరా చాలామంది అంటారు. ఇక్కడ తనిఖీ లేకపోవడమే ఆ చిన్నవాడి పొట్ట కొట్టింది. ముందుగా పదహారు ఇళ్లను కూల్చి, ఆ తర్వాత కొట్టింది.

2019 జనవరి 1 నుంచి ఆల్బర్టాలో 60 రోజుల తాత్కాలిక పత్రం లేదు. కొత్త కంపెనీ పెట్టేవాళ్లు నిబంధనలు తెలుసునని, పాటించగలమని ముందే నిరూపించుకోవాలి. ఆ తర్వాతే మొదటి లోడు. పత్రాన్ని మూడేళ్లకోసారి తిరిగి తెచ్చుకోవాలి. అదే ఏడాది మార్చి నుంచి భారీ లారీ లైసెన్సు కావాలంటే 113 గంటల శిక్షణ తప్పనిసరి చేశారు. పక్కనే సస్కాచెవాన్‌లో 121.5 గంటలు. ఒంటారియో మాత్రం 2017లోనే 103.5 గంటలు పెట్టింది. కాగితపు లాగ్‌బుక్ స్థానంలో ఇంజనుకు తగిలించే ఎలక్ట్రానిక్ పరికరం వచ్చింది. దాంట్లో గీత మనిషి గీయడు, చక్రం గీస్తుంది.

సిద్ధూకు 2023లో పూర్తి పెరోల్ వచ్చింది. అతను కెనడా పౌరుడు కాదు, అప్పటికి శాశ్వత నివాసి మాత్రమే. అంత పెద్ద నేరానికి శిక్ష పడితే ఆ హోదా నిలవదు. 2024 మే 24న దేశం నుంచి పంపించే ఉత్తర్వు ఇచ్చారు. విచారణ పావుగంటలో అయిపోయింది. పోయిన పిల్లల తల్లిదండ్రుల్లోనే కొందరు పంపించేయమన్నారు, కొందరు ఉండనివ్వమన్నారు. రెండు మాటలూ గుండె కోతలోంచి వచ్చినవే. వాటిని తూచే త్రాసు నా దగ్గర లేదు.

ఆ కూడలి గురించి ఇంకొకటి. అక్కడ ఆరు తెల్లటి శిలువలు ఉన్నాయి. అవి బ్రాంకోస్ పిల్లలవి కావు. 1997లో అదే చోట జరిగిన ప్రమాదంలో పోయిన ఆరుగురివి. ఏప్రిల్ 6 సాయంత్రం ఆ లారీ వచ్చేనాటికే అవి అక్కడ ఉన్నాయి. ప్రమాదం తర్వాత ఇంజనీర్లు వచ్చి ఆ కూడలిని కొలిచి, 13 సూచనలు రాశారు. చూపుకు అడ్డొచ్చే చెట్ల వరస తీసేయమన్నారు. స్టాప్ బోర్డుకు ముందు రోడ్డును గరుకుగా చేయమన్నారు, చక్రం దాని మీదికి ఎక్కగానే డ్రైవర్ సీటు అదిరి, అద్దంలో పట్టాను చూస్తున్న కళ్లు రోడ్డు మీదికి తిరిగేలా.